బనీను జేబులో మెమొరీ కార్డు

కడియం నర్సరీల మధ్య ఒక వీధిలో భూషణం అనే కీబోర్డు వాయిద్యగాడు ఉండేవాడు. అతని వేళ్ళలో ఎంత విద్య ఉండేదో కళ్ళలో అంత అనుమానం ఉండేది.

పాలవాడు నవ్వితే, పాలలో నీళ్ళు కలిపాడు కాబట్టే నవ్వాడనుకునేవాడు. నవ్వకపోతే, మరీ ఎక్కువ కలిపాడు కాబట్టి నవ్వడానికి మొహం చెల్లలేదనుకునేవాడు. పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపిస్తే, మూత తీయకముందే "ఎందుకు పంపారు?" అని అడిగేవాడు.

"వాళ్ళ పెరట్లో వంకాయలు విరగకాశాయి, అందుకు," అనేది అతని భార్య మంగతాయారు.

"అయితే మనకే ఎందుకు?" అనేవాడు.

ఇలాంటి మొగుడితో కాపురం చేసే ఆడదానికి కోర్టు గుమ్మం తొక్కే పనే లేదు. ఇంట్లోనే పూటకోసారి బోనెక్కవచ్చు.

భూషణం అనుమానాలన్నిటికీ నడిబొడ్డు అతని మెమొరీ కార్డు. కీబోర్డు పక్క సందులో దూర్చే ఆ కార్డు బొటనవేలి గోరంత ఉండేది. ఏ పాటకి ఏ తాళం నడవాలో, ఎక్కడ వేణువు పలకాలో, ఎక్కడ డోలు తగ్గాలో అన్నీ ఏళ్ళ తరబడి తానే కూర్చి అందులో పెట్టుకున్నాడు. కార్డు పెట్టి మీట నొక్కితే, ఒక్క భూషణం వెనకాల పెద్ద మేళం కూర్చున్నట్టే ఉండేది. అతని బతుకంతా అందులోనే ఉందంటే అబద్ధం కాదు.

ఆ వృత్తిలో ఒకరి కార్డులోంచి ఒకరు రిథమ్‌లు కాపీ చేసుకోవడం మామూలే. "అన్నా, ఆ పెళ్ళి బీటు ఒకటి ఇవ్వవూ" అని అడుగుతారు, కలిసి టీ తాగుతారు, ఇచ్చేస్తారు. భూషణం కూడా ఒకప్పుడు అలాగే ఇచ్చాడు. వేమగిరిలో ఒక చర్చిలో వాయించే ఏసుపాదం అతనికి చిన్నప్పటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర హార్మోనియం నేర్చుకున్నారు. కులం వేరు, దేవుడు వేరు, అయినా "ఏం బావా" అంటే "ఏం బావా" అనుకునేవారు. ఏసుపాదం ఒక్క పాట కావాలని కార్డు అడిగితే భూషణం తీసి చేతిలో పెట్టాడు.

ఆ ఏడాది క్రిస్మస్‌నాడు భూషణం ఆ చర్చి ప్రహరీ పక్కగా వెళ్తున్నాడు. లోపలి నుంచి తన రిథమ్ వినిపించింది. ఆగాడు. దాని వెనకే తనదే ఇంకొకటి వచ్చింది. దాని వెనకే మరొకటి. ఒక్క పాటకి ఇస్తే కార్డంతా ఊడ్చుకుపోయాడని తెలిసిపోయింది. లోపలికి వెళ్ళి నిలదీశాడా? లేదు. ఇంటికొచ్చి గోడల్ని తిట్టాడు.

"దొంగ! దేవుడి ముందు కూర్చుని నా సొత్తు వాయిస్తున్నాడు దొంగ!"

ఆ రోజుతో ఆ ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. కనీసం అంతటితో ఊరుకున్నా బాగుండేది. భూషణం కూర్చుని కార్డులో పేర్లన్నీ మార్చేశాడు. రేపు ఇంకో దొంగ చేతికి చిక్కినా ఏది ఏదో వాడికి తెలియకూడదని అతని తెలివి. తలంబ్రాల పాటకి "స్మశానం" అని పేరు పెట్టాడు. జోలపాటకి "కోడిపందెం" అని పెట్టాడు. దేవుడి పాటలు "చేపల మార్కెట్టు" అయ్యాయి. ఒక ఫోల్డరు లేదు, ఒక వరస లేదు. అంతా నా బుర్రలో ఉందనేవాడు.

ఆ బుర్ర ఒక గృహప్రవేశంలో మొరాయించింది. కొత్త ఇంట్లో పాలు పొంగే వేళకి సన్నాయి పలకాల్సిన చోట, పాడె లేచేటప్పుడు కొట్టే డప్పు మోగింది. ఇంటావిడ చేతిలో గరిటె కింద పడింది. భూషణం తొణకలేదు. "మీ జనరేటరు మంచిది కాదమ్మా," అన్నాడు.

అతనికి ఇంకో అలవాటు కూడా ఉండేది. స్టూలు మీంచి లేస్తే చాలు, కార్డు ఊడబెరికేవాడు. టీకి లేచినా అంతే, ముక్కు చీదుకోవడానికి లేచినా అంతే. తీసిన కార్డుని బనీను లోపల ప్రత్యేకంగా కుట్టించుకున్న చిన్న జేబులో వేసి, పిన్నీసు పెట్టేవాడు.

"తాళి కట్టిన కొత్తల్లో కూడా నన్ను ఇంత పదిలంగా చూసుకోలేదు," అనేది మంగతాయారు.

"నిన్నెవరు కాపీ చేసుకుపోతారే!" అనేవాడు భూషణం.

ఆ మాటకి నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక ఆమె రెండూ చేసేది.

మంగతాయారు పాటంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళు చెవి కోసుకునేవి. అలాంటిది, ఆమెకి గొంతులో కాయ లేచి ఆపరేషను అయింది. చాలాకాలం మాట్లాడకూడదన్నారు డాక్టర్లు. మొగుడి అనుమానాలకి పలక మీద రాసి జవాబు చెప్పింది. క్రమంగా గొంతు తిరిగి వచ్చింది గానీ, బాగా కిందికి దిగింది. పాత శ్రుతికి అందదు. వేదిక మాట ఎత్తితే ఆమె మాట మార్చేసేది. ఆ ఏడు నర్సరీ రైతులు తమ మొక్కల పండగలో పాడమని ఇంటికొచ్చి అడిగారు. ఆమె మొదట వద్దంది, చివరికి సరేనంది.

వాళ్ళు వెళ్ళాక భర్తతో అంది: "ఈ ఒక్కసారికి ఎక్కుతాను. గొంతు నిలబడితే ఇక మానను. మధ్యలో ఏదైనా వికటించి నలుగురిలో నవ్వులపాలయ్యానో, మళ్ళీ మైకు ముట్టుకోను. అప్పుడు మీరు బతిమాలినా పాడను."

భూషణం కీబోర్డు ముందేసుకున్నాడు. ఆమె పాడబోయే పాటలన్నిటికీ ఓపిగ్గా కూర్చుని శ్రుతి తగ్గించాడు. అనుమానం మనిషే గానీ ప్రేమ లేని మనిషి కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ప్రేమని కూడా పిన్నీసు పెట్టే దాచేవాడు.

పండగకి ఎలక్ట్రానిక్ డోలులాంటి ప్యాడ్ వాయించడానికి మస్తాన్ అనే అతన్ని పిలిచారు. పెళ్ళీ పిల్లలూ ఉన్నవాడు, నెమ్మదస్తుడు. రిహార్సలుకి వచ్చిన మొదటిరోజే, "అన్నా, టీ తాగుదామా?" అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు భూషణం.

"ఎందుకేమిటన్నా... తాగడానికి."

భూషణం టీ తాగాడు గానీ, మింగిన ప్రతి గుక్కకీ మస్తాన్ మొహం చూశాడు. వచ్చీ రాగానే టీ ఇప్పించేవాడు ఊరికే ఇప్పించడు. మంగతాయారుని వదినా అంటున్నాడు. వరసలు కలిపేది ఎందుకో! ప్యాడ్ కూడా కీబోర్డుకి ఆనించి పెట్టుకున్నాడు. అంత దగ్గరగా ఎందుకో!

ఒక రోజు మస్తాన్ కీబోర్డు తెర మీదకి తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఇదేమిటన్నా, స్మశానం నొక్కితే తలంబ్రాలు వస్తున్నాయి!"

భూషణం అరచేత్తో తెర మూసేశాడు.

"తప్పుగా అనుకోకు అన్నా," అన్నాడు మస్తాన్. "పాట వెతకడానికి ఇంట్లోనే నీకింత సేపు పడుతోంది. స్టేజీ మీద ఇంకా కష్టం. ఒక పూట కూర్చుని కార్డు సర్దేద్దాం. వదిన పాడేవన్నీ పాడే వరసలో ఒక ఫోల్డరు. పెళ్ళివి ఒకటి. భక్తివి ఒకటి. నా లాప్‌టాప్‌లో ఒక కాపీ పెట్టుకుందాం. ఈ కార్డులు ఎప్పుడు ఏమవుతాయో చెప్పలేం."

అంత మాటలోనూ భూషణం చెవిన పడింది ఒక్క ముక్కే: కాపీ.

"చూశావా!" అన్నాడు ఆ సాయంత్రం భార్యతో. "బయటపడ్డాడు. టీ దగ్గర మొదలెట్టి లాప్‌టాప్ దాకా వచ్చాడు."

"అతను అన్నదాంట్లో తప్పేముంది?" అంది మంగతాయారు. "అతనికి ఇవ్వడం ఇష్టం లేకపోతే మీరే సర్దండి. నా పాటలన్నీ ఒకచోట ఉండాలి. మీరు స్మశానంలో వెతుక్కుంటూ ఉంటే నేను మైకు పట్టుకుని దిక్కులు చూడాలా?"

సర్దుతాను, సర్దుతాను అంటూనే భూషణం పండగ రోజు దాకా తెచ్చాడు. మస్తాన్ చూడని సమయం దొరకలేదని అతని సాకు.

పండగ శనివారం సాయంత్రం. నర్సరీలో పెద్ద వేదిక కట్టారు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళగానే, భూషణం కీబోర్డుని ఎండ ఆపే పచ్చటి షేడ్ నెట్ కిందికి, గులాబీ మొక్కల వెనక్కి మోసుకుపోయాడు. ఇటూ అటూ చూశాడు. ఎవరూ లేరు. కార్డు పెట్టి, భార్య పేరుతో ఒక ఫోల్డరు తెరిచాడు. ఆమె పాటలతో మొదలుపెట్టి కార్డులో ఉన్నవన్నీ సర్దమని మీట నొక్కాడు. తెర మీద "పని జరుగుతోంది, కార్డు తీయవద్దు" అని ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. పక్కన ఎర్ర దీపం టకటకా కొట్టుకుంటోంది.

ఎక్కడో ఆకులు చప్పుడయ్యాయి.

భూషణం తల ఎత్తాడు. గులాబీ మొక్కల మధ్య మస్తాన్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను ఉంది. ఫోను ఎత్తి పట్టుకుని, కెమెరా సరిగ్గా ఇటే గురిపెట్టి ఉన్నాడు.

తెరని ఫోటో తీస్తున్నాడు! పేర్లన్నీ పట్టుకుపోతున్నాడు! ఇన్నాళ్ళూ నేననుకున్నదే నిజం!

భూషణం ఇక ఆలోచించలేదు. ఎర్ర దీపం ఇంకా కొట్టుకుంటూ ఉండగానే కార్డు పట్టుకుని లాగేశాడు. పిడికిట్లో బిగించి, పిడికిలి గుండెకి హత్తుకున్నాడు.

"దొరికావురా దొంగా!" అని అరిచాడు.

మస్తాన్ బిత్తరపోయాడు. "అయ్యో, కార్డు లాగేశావేమిటన్నా! దీపం వెలుగుతోంది కదా! ముందు పెట్టి చూడు!"

ఆ కంగారు కూడా నటనే అనుకున్నాడు భూషణం. అయినా కార్డు మళ్ళీ పెట్టాడు. తెర కాసేపు ఖాళీగా ఉంది. తర్వాత, ఈ కార్డు చదవలేకపోతున్నాను, అంతా చెరిపేసి ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. తీసి, చొక్కాకి తుడిచి పెట్టాడు. అదే ప్రశ్న. ఊది పెట్టాడు. అదే ప్రశ్న. పెళ్ళి పాటలు లేవు, దేవుడి పాటలు లేవు, మంగతాయారు కోసం దించిన పాటలు లేవు.

"నువ్వే చేశావు," అన్నాడు భూషణం. "ఆ ఫోనుతో ఏదో చేశావు."

కేకలకి మంగతాయారు పరుగున వచ్చింది. వేదిక కోసం కట్టుకున్న పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని వచ్చింది. మస్తాన్ ఫోను ఆమె చేతికిచ్చాడు.

"ఫోటో తియ్యమన్నావు కదా వదినా. అన్న కీబోర్డు ముందు కూర్చున్న ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదన్నావు. ఇదిగో, తీశాను."

ఫోటోలో తెర లేదు, పేర్లు లేవు. చుట్టూ గులాబీలు, మధ్యలో భూషణం. గుడ్లు మిటకరించి, మెడ ముందుకి చాచి, కీబోర్డులోంచి ఏదో లాక్కుంటున్నాడు. ఎవరికి చూపించినా, పట్టపగలు చేయి పెట్టి దొరికిపోయిన దొంగ అనే అంటారు.

మంగతాయారు ఆ ఫోటో చూసింది. మొగుడిని చూసింది. ఫోను తిరిగి ఇచ్చేసింది.

"పోనీలెండి," అంది. "ఇక పాడను. వాళ్ళకి చెప్పేయండి."

ఆమె తిట్టి ఉంటే భూషణం తట్టుకునేవాడు. ఆమె తిట్టకుండా చెవుల జూకాలు తీయడం మొదలుపెట్టింది.

"రిపేరు షాపులో ఇస్తే..." అని నసిగాడు భూషణం.

"ఇవాళ్టికి అవదన్నా," అన్నాడు మస్తాన్. "ఏసుపాదం గారి దగ్గర మాత్రం నీ పాతవన్నీ ఉన్నాయని వదిన ఒకసారి చెప్పింది."

"ఆ దొంగ దగ్గరికి నేను వెళ్ళాలా!"

మంగతాయారు చేతిలో జూకా అలాగే ఆగింది.

"దొంగ దగ్గర మీ పాటలు పదిలంగా ఉన్నాయి. దొర దగ్గర ఏముంది? ఫార్మాట్ చేయమంటారా అని అడిగే కార్డు ఉంది. ఇద్దరిలో ఎవరు నయమో మీరే చెప్పండి."

మస్తాన్ బండి తీశాడు. దొంగా అని అరిచినవాడిని వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళాడు. దానికే అతనికి దండం పెట్టాలి. భూషణానికి మాత్రం దారి పొడుగునా అనుమానాలే. ఏసుపాదం తలుపు తీయడు. తీసినా నవ్వుతాడు. నవ్వకపోతే ఏదో అడుగుతాడు. అసలు వీళ్ళిద్దరూ ముందే కూడబలుక్కున్నారేమో!

చర్చిలో ఏసుపాదం మర్నాటి ఆరాధనకి చాపలు పరుస్తున్నాడు. గుమ్మంలో భూషణాన్ని చూసి, చేతిలో చాప అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బావా," అన్నాడు, నిన్ననే కలిసినట్టు.

భూషణం పాడైన కార్డు తీసి చూపించాడు. జరిగింది మస్తానే చెప్పాడు. ఏసుపాదం విన్నాడు, చాప పక్కన పెట్టాడు, తన కీబోర్డులోంచి కార్డు తీసి భూషణం చేతిలో పెట్టాడు.

"కాపీ చేసుకునే టైము లేదుగా, కార్డే పట్టుకుపో. మంగతాయారుని పాడమను. రేపు పొద్దున ఆరాధనకి మాత్రం తెచ్చెయ్. మర్చిపోయావంటే సంఘమంతా చప్పట్లతోనే పాడాలి."

అడగడమే తరువాయి, ఇచ్చేశాడు. ఎందుకు ఇచ్చాడు? అందులో ఏముందో! భూషణం ఆ కార్డుని అక్కడే కీబోర్డులో పెట్టి చూశాడు. అలవాటు అంత తేలిగ్గా పోతుందా?

తెర మీద ఫోల్డర్లు వరసగా నిలబడ్డాయి. ఆరాధనవి ఒకచోట, క్రిస్మస్‌వి ఒకచోట. వాటి మధ్య ఒక ఫోల్డరు మీద ఇంగ్లీషు అక్షరాల్లో "భూషణం" అని ఉంది. తెరిచాడు. తలంబ్రాల పాట తలంబ్రాల పేరుతోనే ఉంది. జోలపాట జోలపాటగానే ఉంది. అన్నీ అతను కూర్చినవే, అతను మొదట పెట్టుకున్న పేర్లతోనే ఉన్నాయి.

"నా పేరు పెట్టావేం?" అన్నాడు భూషణం.

"నీవి కాబట్టి. ఆ క్రిస్మస్‌నాడు మైకులో కూడా చెప్పాను, ఇవి మా బావ కూర్చినవి అని. నువ్వు ప్రహరీ బయటి నుంచే వెళ్ళిపోయావని తర్వాత ఎవరో అన్నారు."

"ఒక్క పాటకి అడిగి అన్నీ తీసుకోవడం తప్పు కాదా?"

"తప్పే," అన్నాడు ఏసుపాదం. "అడిగి తీసుకోవాల్సింది. నువ్వొచ్చి తిడతావని చాలా రోజులు చూశాను. తిట్టి ఉంటే అప్పుడే తేలిపోయేది. నువ్వు రానే లేదు. నాకూ రావడానికి మొహం చెల్లలేదు."

భూషణం కార్డు తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నేను దీన్ని తిరిగి ఇవ్వకపోతే?"

"నీ పాటలు నీ దగ్గరే ఉంటాయి," అన్నాడు ఏసుపాదం. "వెళ్ళు, పొద్దుపోతోంది."

సాయంత్రం వేదిక మీద దీపాలు వెలిగాయి. ఏసుపాదం కార్డులో ఉన్నవి మంగతాయారు పాత గొంతు నాటి పాటలు. భూషణం మీట నొక్కి శ్రుతి రెండు మెట్లు దించాడు. ఆమె మైకు ముందుకి వచ్చింది. మొదటి చరణంలో పైకి వెళ్ళబోయి గొంతు జీరపోయింది. ముందు వరసలో ఎవరో పక్కవాళ్ళ చెవిలో ఏదో అన్నారు. మంగతాయారు వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. వేలితో ఇంకొక మెట్టు దించమని సైగ చేసింది. అతను దించాడు. ఈసారి పాట కోసం ఎక్కడా వెతుక్కోలేదు, చేయి తడబడలేదు. మస్తాన్ ప్యాడ్ మీద ఆమె గొంతుకి దారి ఇస్తూ మెత్తగా వాయించాడు.

రెండో పాటకి ఆమె గొంతు నిలబడింది. పాతదానికన్నా లోతుగా, బరువుగా ఉంది. మూడో పాటకి నర్సరీ కూలికి వచ్చిన ఆడవాళ్ళంతా వెనకాల నుంచి ముందుకి వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో ఒక ముసలావిడ తల అడ్డంగా ఊపుతోంది. బాగాలేదంటోందా అని భూషణం అనుమానించాడు. చూస్తే, ఆవిడ తొడ మీద తాళం వేస్తోంది.

పాటల మధ్యలో రైతుల సన్మానం మొదలైంది. భూషణం స్టూలు మీంచి లేచాడు. చేయి దానంతట అదే కార్డు వైపు వెళ్ళింది. గోరు కార్డు అంచుకి తగిలింది. అక్కడే ఆగింది. మెల్లగా చేయి వెనక్కి తీసుకున్నాడు. కార్డు కీబోర్డులోనే ఉంది.

"మస్తాన్, టీ తాగుదామా?" అన్నాడు.

మస్తాన్ అతని వంక ఎగాదిగా చూశాడు. "ఎందుకన్నా?"

"తాగడానికి," అన్నాడు భూషణం. రెండడుగులు వేశాక, తల ఎత్తకుండానే అన్నాడు: "నిన్ను దొంగన్నాను. తప్పు నాది."

"టీ నువ్వు ఇప్పిస్తానంటే చాలన్నా," అన్నాడు మస్తాన్.

మర్నాడు ఆరాధన మొదలవకముందే భూషణం ఏసుపాదం కార్డు ఏసుపాదానికి ఇచ్చేశాడు. ఈసారి ప్రహరీ బయట నిలబడలేదు, లోపల చాప మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. తర్వాత ఏసుపాదం దగ్గర పాటలు కాపీ చేసుకుని, మస్తాన్, అతనూ కలిసి కొత్త కార్డులో అన్నీ సర్దారు. పెళ్ళివి పెళ్ళి పేరుతో, జోలపాటలు జోల పేరుతో పెట్టారు. ఒక కాపీ మస్తాన్ లాప్‌టాప్‌లో ఉంది. కొత్తగా కూర్చినవన్నీ ఏసుపాదానికి భూషణమే తీసుకువెళ్ళి ఇచ్చేవాడు. కొన్ని మాత్రం పోయినవి పోయినట్టే. వాటిని మళ్ళీ మొదటి నుంచీ కూర్చుకున్నాడు.

మంగతాయారు పాడడం మానలేదు. మస్తాన్ తీసిన ఫోటోని పెద్దది చేయించి కీబోర్డు పెట్టె మూతకి లోపలివైపు అంటించింది. పెట్టె తెరిచిన ప్రతిసారీ గుడ్లు మిటకరించిన ఆ మొహం భూషణానికి ఎదురయ్యేది.

"ఇదెందుకే ఇక్కడ?" అనేవాడు.

"మన కార్డు దొంగని గుర్తుపట్టడానికి," అనేది మంగతాయారు.

అందరినీ అనుమానిస్తూ దాచుకున్న సొత్తుకి బయటి దొంగ అక్కర్లేదు. కాపలా కాసే అనుమానమే దాన్ని పోగొడుతుంది.